చుక్కా, తోకచుక్కా

మా వీధిలో నన్ను తెలుగు మాస్టారంటారు. కాలేజీలో లెక్చరరునే అయినా, ఇరవై ఏళ్ళుగా చెబుతున్నది తెలుగే గనుక ఆ పేరు నాకు న్యాయంగానే వచ్చింది. మధురానగర్‌లో మేము కాపురం పెట్టి పదమూడేళ్ళు దాటింది. మా పేట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఒక వైపున అమీర్‌పేట. అక్కడ మేడమెట్లు కనబడితే చాలు, పైన ఇంగ్లీషు నేర్పుతామనో కంప్యూటరు నేర్పుతామనో బోర్డు ఉంటుంది. రెండో వైపున యూసఫ్‌గూడ, కృష్ణానగర్. అవి దాటి మిట్ట ఎక్కితే జూబ్లీహిల్సు, ఫిల్మ్‌నగరు. ఉద్యోగం కోసం వచ్చిన కుర్రవాళ్ళు ఇటు పోతారు. సినిమా వేషం కోసం వచ్చిన కుర్రవాళ్ళు అటు పోతారు. అద్దె గదుల కోసం ఉభయులూ మా వీధిలోకే వస్తారు. 2019లో మెట్రో రైలు నడిచాక ఈ రాకపోకలు మరీ సులువైనాయి.

ఒక ప్రక్క ఇంగ్లీషూ, ఒక ప్రక్క సినిమా! నడుమ తెలుగు మాస్టారికి గిరాకీ ఏముంటుందంటారా? ఉందండీ, అర్జీలు రాయడానికి.

లెక్చరరన్నవాడికి అన్నీ వచ్చునని మనవాళ్ళకు ఒక నమ్మకం. ఎమ్మే తెలుగు అని గుమ్మానికి పలక కొట్టుకొన్నా సరే, "మాస్టారూ, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అని వస్తారు. రాదని చెప్పడానికి నాకూ నోరు రాదు. తెలుగు మీడియంలో చదువుకొని పైకి వచ్చినవాడికి, ఇంగ్లీషు రాదనిపించుకోవడం ఎంత నామోషీయో అనుభవించినవారికే తెలుస్తుంది. అందుచేత "దానికేం భాగ్యం" అంటాను. ఆ 'దానికేం భాగ్యం' ఒకసారి ఎంత పని చేసిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

మా క్రింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. మేమందరం పిన్నిగారంటాం. ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాది. ఆయన పేరున ఒక కార్యాలయంలో కొంత డిపాజిట్టు ఉంది. నామినీ పేరు రాయకుండానే ఆయన వెళ్ళిపోయారు. అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. తల్లికే ఇచ్చెయ్యండి, నాకేమీ అభ్యంతరం లేదని కాగితం కూడా పంపించాడు. పిన్నిగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆ డబ్బు చేతికి రాగానే ఆపరేషను చేయించుకొంటానని ఆవిడ పట్టుదల. కొడుకు పంపుతానంటే, "ఆయన డబ్బు ఉండగా నీదెందుకురా" అందిట.

నేను కుర్చీ వేసుకు కూర్చుని అర్జీ రాశాను. ఒక పేజీ. నిజం చెప్పొద్దూ, రాశాక రెండుసార్లు చదువుకొని మురిసిపోయాను కూడా. అందులో ఒక వాక్యం ఇది: "మై సన్ హూ ఈజ్ ఇన్ అమెరికా హాజ్ నో అబ్జెక్షన్." అమెరికాలో ఉన్న మా అబ్బాయికి అభ్యంతరం లేదని తాత్పర్యం. అందులో తప్పేమైనా కనబడిందా మీకు? నాకూ కనబడలేదు.

ఆరు వారాల తర్వాత జవాబు వచ్చింది. "అమెరికాలో ఉన్న కుమారుడు గాక తమ తక్కిన కుమారుల వివరములును, వారి సమ్మతి పత్రములును, కుటుంబ సభ్యుల ధ్రువపత్రమును పంపవలెను" అని దాని సారాంశం.

నాకు ఒళ్ళు మండింది. తక్కిన కుమారులేమిటి! ఆవిడకున్నది ఒక్క కొడుకు గదా! కాగితం చదవకుండానే కొర్రీ వేశాడని ఆ గుమాస్తాని పది తిట్లు తిట్టుకొన్నాను. పిన్నిగారితో మాత్రం, "ఏదో చిన్న సవరణ అడిగారండీ, నేను చూసుకొంటాను" అన్నాను. ఆవిడ కళ్ళు ఆ కాగితం చదవగలిగే స్థితిలో లేవు గనుక నా మాట నమ్మింది.

మర్నాడు కాలేజీలో మా ఇంగ్లీషు లెక్చరరుకి ఆ రెండు కాగితాలూ చూపించి, "చూశారా మాస్టారూ, ఈ గుమాస్తాల ధోరణి" అన్నాను. ఆయన నా అర్జీ చదివారు, జవాబు చదివారు, కళ్ళజోడు తీసి తుడుచుకొన్నారు.

"గుమాస్తా తప్పేమీ లేదండీ. మీ కాగితం ఎలా ఉందో అలాగే చదువుకొన్నాడు. అతనికి ఇంగ్లీషు బాగా వచ్చు. వచ్చిన చిక్కల్లా అదే" అన్నారు.

తర్వాత ఆయన నాకు చెప్పిన పాఠం, నలభై అయిదేళ్ళ వయసులో నేను నేర్చుకొన్న పాఠం. 'సన్' తర్వాత ఒక కామా, 'అమెరికా' తర్వాత ఒక కామా పెట్టి ఉంటే, ఆ నడుమనున్న మాట ఊరికే అదనంగా చెప్పిన సమాచారం. నాకున్నది ఒక్కడే కొడుకు, వాడు అమెరికాలో ఉన్నాడు, అంతే. దానిని తీసి పారేసినా వాక్యానికి లోటు రాదు. ఆ రెండు కామాలూ లేకపోతే అదే మాట ఏరడానికి పనిచేస్తుంది. కొడుకులలో ఏ కొడుకు? అమెరికాలో ఉన్న కొడుకు. అంటే అమెరికాలో లేని కొడుకు మరొకడున్నాడన్న మాట.

"ఇంత చిన్న గీతకి కొడుకులను పుట్టించే శక్తి ఉందా?" అన్నాను.

"పుట్టించనూ గలదు, తీసెయ్యనూ గలదు" అన్నారాయన.

నవ్వులాటకన్న ఆ మాట తర్వాత ఎలా గుచ్చుకొన్నదో ముందు ముందు చెబుతాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆలోచనలో పడ్డాను. నాకు ఇంగ్లీషు వ్యాకరణం బొత్తిగా రాదని కాదు. రానిదేమిటంటే ఎక్కడ ఆగాలో, ఎలా ఆగాలో. మన తెలుగులో ఈ చిక్కు లేదు. ఎంచేతంటే మన వాక్యం తనంతట తానే ఆగుతుంది. "ఆయన ఊరునుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, భోంచేసి, కాసేపు పేపరు చదివి పడుకొన్నాడు." వచ్చి, కడుక్కొని, భోంచేసి, చదివి, ఇవన్నీ అసమాపక క్రియలు. వినేవాడు ఇంకా ఉంది, ఇంకా ఉంది అనుకొంటూ కూర్చుంటాడు. 'పడుకొన్నాడు' అనగానే సమాపక క్రియ పడింది, వాక్యం తలుపు మూసుకొంది. చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

ప్రశ్న సంగతీ అంతే. 'వచ్చాడు' అన్నదానికి చివర ఒక దీర్ఘం తగిలిస్తే 'వచ్చాడా' అయి ప్రశ్న అవుతుంది. 'అన్నయ్యా వదినా వచ్చారు' అంటే ఆ దీర్ఘాలే ఇద్దరినీ కలుపుతాయి. ఒకరు అన్న మాట ఎక్కడ ముగిసిందో చెప్పడానికి 'అని' అనే రెండక్షరాల కావలివాడు ఉండనే ఉన్నాడు. ఇంగ్లీషువాడు కాగితంమీద గీతలు గీసి చూపించేదాన్ని మనం నోటితోనే, మాట చివరనే చెప్పేస్తాం.

ఆ అలవాటు ఈనాటిదా! తాటాకుమీద గంటంతో రాసే రోజుల్లో మాటకూ మాటకూ నడుమ ఎడం కూడా విడిచేవారు కారు. పద్యానికి గణాలున్నాయి, ప్రాస ఉంది. ఎక్కడ పాదం ముగిసిందో చదివేవాడికి తెలుసు. ఇంకొక చిత్రం చూడండి. సంస్కృతంలో యతి అంటే విరామం, అంటే ఆగడం. తెలుగు ఛందస్సుకి వచ్చేసరికి ఆ చోట ఆగనక్కరలేదు, అక్షరాలకు మైత్రి కుదిరితే చాలు. ఆగవలసిన చోట కూడా ఆగకుండా స్నేహం కలుపుకొని ముందుకు పోయాం మనం!

కాగితంమీద అచ్చయ్యే వచనం వచ్చాకనే మనకు ఈ చుక్కలతో పని పడింది. తెలుగులో తొలి అచ్చుపుస్తకాలు 1746, 47 ప్రాంతాల్లో ఎక్కడో జర్మనీలోని హాలే పట్టణంలో వెలువడ్డాయి. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించాడు. తర్వాత 19వ శతాబ్దంలో మన దగ్గర అచ్చుయంత్రాలూ ఇంగ్లీషు బడులూ పెరుగుతూ వచ్చాయి. వాటి వెంట చుక్కా కామా కూడా తెలుగు వచనంలోకి దిగాయి. ఈ విషయంలో మన ఇరుగుపొరుగువారు తలొక దారీ పట్టారు. హిందీవారు నిలువుగీతతో వాక్యం ముగిస్తారు. మన హైదరాబాదు పాతబస్తీలో ఉర్దూ పత్రిక కొని చూడండి, చుక్కకు బదులు చిన్న అడ్డగీత ఉంటుంది. కామా తలక్రిందులుగా ఉంటుంది. మరాఠీవారూ మనమూ ఇంగ్లీషు చుక్కనే ఉంచుకొన్నాం. చుక్కను తెచ్చుకొన్నామే గాని, దాని చట్టం తెచ్చుకోలేదు. అది ఉన్నా లేకపోయినా మన వాక్యం నడుస్తుంది గనుక, గోడకు తగిలించిన పటంలాగా ఉండిపోయింది.

ఆ నిర్లక్ష్యంతోనే మనం ఇంగ్లీషు రాయబోతాం. "వాన పడుతోంది, నేను రాను" అని తెలుగులో రాస్తే ఏ దోషమూ లేదు. అదే ఇంగ్లీషులో "ఇట్ ఈజ్ రైనింగ్, ఐ విల్ నాట్ కమ్" అని రాస్తే తప్పు. రెండూ రెండు పూర్తి వాక్యాలు. రెండు పూర్తి వాక్యాలను ఒక్క కామా మోయలేదట. నడుమ చుక్క పెట్టాలి, లేదా 'సో' వంటి మాట వేసి కలపాలి, లేదా చుక్కక్రింద కామా ఉన్న సెమికోలన్ పెట్టాలి. మా కాలేజీలో పిల్లలు రాసే ఇంగ్లీషు ఉత్తరాలన్నిటిలోనూ ఈ తప్పే ఎక్కువని మా మాస్టారు చెప్పారు. నా అర్జీలో అలాంటివి నాలుగు దొరికాయి. పిల్లలవని నవ్వబోయి ఊరుకొన్నాను.

ఇంకొకటి. "ఎక్కడికి వెళుతున్నావని అడిగాను" అనే వాక్యం ఇంగ్లీషులో రాస్తే చివర ప్రశ్నార్థకం పెట్టకూడదు. లోపల ప్రశ్న ఉన్నా, చెబుతున్నది సంగతి గనుక చుక్కే. తెలుగులో మనకిది ఎవరూ చెప్పనక్కరలేదు, 'అడిగాను' అనే మాటే చెబుతుంది. అలాగే ఆశ్చర్యార్థకం ఒకటి చాలు. మూడు పెడితే ఆశ్చర్యం మూడింతలు కాదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ సంగతులన్నీ దానితో చెబితే, "నాన్నా, నువ్వు ఫోనులో పెట్టే చుక్కల సంగతి ముందు చూసుకో" అంది.

"ఏమిటి వాటి సంగతి?"

"నేను ట్యూషన్ నుంచి ఆలస్యంగా వస్తానని మెసేజి పెడితే నువ్వు 'సరే' అని రాసి చుక్క పెడతావు. నీకు కోపం వచ్చిందేమో అని దారంతా భయపడుతూ వస్తాను."

నేను తెల్లబోయాను. ముప్ఫై ఏళ్ళుగా శ్రద్ధగా పెడుతున్న చుక్క, కన్నకూతురికి కోపంలాగా కనబడుతోందన్న మాట! ఇది దాని ఒక్కదాని అభిప్రాయం కాదు. 2015లో అమెరికాలోని బింగ్‌హాంటన్ విశ్వవిద్యాలయంవారు విద్యార్థులమీద ఇదే పరీక్షించారు. ఫోనులో పంపే ఒక్క మాట జవాబు చివర చుక్క ఉంటే, అది మనస్ఫూర్తిగా అన్న మాట కాదనిపించిందిట వాళ్ళకి. చేతితో కాగితంమీద రాసిన చీటీలో అయితే ఆ తేడా కనబడలేదు. అంటే చుక్కకు కూడా ఇల్లూ వాకిలీ ఉన్నాయి. ఎక్కడ కూర్చుంటే అక్కడి మర్యాద దానిది. ఆనాటినుంచి మా అమ్మాయికి చుక్క లేకుండా 'సరే' అంటున్నాను.

మా మేడమీద గదిలో డబ్బింగు చెప్పే కుర్రవాడొకడు ఉంటాడు. వాడి దగ్గరా ఒక ముక్క నేర్చుకొన్నాను. వాడి కాగితాలు చూస్తే డైలాగుల నిండా పెన్సిలు గీతలే. అవేమిటని అడిగితే, "ఊపిరి తీసుకొనే చోట్లు మాస్టారూ. తెరమీది పెదవి ఎక్కడ ఆగితే నేనూ అక్కడ ఆగాలిగా. తప్పు చోట ఊపిరి తీస్తే డైలాగు చచ్చిపోతుంది" అన్నాడు.

ఆ మాట విని ఆశ్చర్యపోయాను. ఎందుకంటే అసలు ఈ చుక్కలు పుట్టింది కూడా ఊపిరికోసమే. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న అరిస్టొఫేనీస్ అనే గ్రీకు పండితుడు, పైకి చదివేవాళ్ళ సౌకర్యంకోసం అక్షరాల ప్రక్కన చుక్కలు పెట్టాడు. చుక్క ఉన్న ఎత్తును బట్టి చిన్న విరామం, నడిమి విరామం, పెద్ద విరామం. కామా అంటే వాళ్ళ భాషలో కోసిన ముక్క. ఆ ముక్క పేరే తర్వాత గుర్తుకు పేరైంది. అలెగ్జాండ్రియాలో పండితుడు చేసిన పనే మా మేడమీద కుర్రవాడు పెన్సిలుతో చేస్తున్నాడు.

వాడిచేత నా అర్జీలోని వాక్యం పైకి చదివించాను. "ఒకడే కొడుకు అనుకొని చదువు" అంటే, 'సన్' దగ్గర కాస్త ఆగి, 'అమెరికా' దగ్గర కాస్త ఆగి చదివాడు. "ఇద్దరు కొడుకులనుకొని చదువు" అంటే ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపిరిని చదివాడు. చెవికి తేడా స్పష్టంగా తెలిసింది. అప్పటికి గాని నాకు ఆ పాఠం ఒంటబట్టలేదు. ఇంగ్లీషు రాసేవారికి నా సలహా ఇదొక్కటే: రాసింది ఒకసారి పైకి చదువుకోండి. అన్ని కామాలూ చెవికి వినబడవు గాని, ఇలాంటివి వినబడతాయి. గొంతు పూర్తిగా దిగిన చోట చుక్క. దిగకుండా తటపటాయించిన చోట కామా అవునో కాదో చూసుకోవాలి.

ఇదంతా పంతుళ్ళ చాదస్తమని కొట్టిపారేసేవారికి మా మాస్టారు చెప్పిన మరొక కథ చెబుతాను. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో పాలు, వెన్న సరఫరా చేసే కంపెనీ ఒకటుంది. దాని బళ్ళు తోలేవాళ్ళు తమకు ఓవర్‌టైము జీతం రావాలని దావా వేశారు. ఏయే పనులకు ఓవర్‌టైము ఇవ్వనక్కరలేదో చట్టంలో జాబితా ఉంది. దాని చివర "రవాణాకు లేదా పంపిణీకి ప్యాక్ చేయడం" అని అర్థం వచ్చే మాటలున్నాయి. 'లేదా'కు ముందు కామా ఉంటే పంపిణీ అనేది వేరే పని అయ్యేది. బళ్ళవాళ్ళు దావా ఓడిపోయేవాళ్ళు. కామా లేదు. మేము ప్యాకింగు చెయ్యం, పంపిణీ చేస్తాం, కాబట్టి ఆ జాబితా మాకు తగలదన్నారు వాళ్ళు. 2017లో బోస్టన్‌లోని అప్పీలు కోర్టు వాళ్ళ ప్రక్షాన తేల్చింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. అంత ఖరీదైన కామా మళ్ళీ దొరకదేమో!

ఆ కథ విని నవ్వుకొన్నానే గాని, నా కామాల ఖరీదు సంగతి నన్ను పీడిస్తూనే ఉంది. నా మూలాన ఒక పెద్దావిడ కంటి ఆపరేషను వెనకబడింది. తప్పు ఒప్పుకోక తప్పదని ఒక ఆదివారం నాడు క్రిందికి దిగాను.

పిన్నిగారు వరండాలో కూర్చుని తడుముకొంటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను. "నేను రెండు తోకచుక్కలు పెట్టడం మరిచిపోయానండీ. అవి లేకపోవడంతో మీకు ఇంకో అబ్బాయి ఉన్నాడని వాళ్ళు అర్థం చేసుకొన్నారు. తప్పు నాది, క్షమించండి" అన్నాను.

ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"రెండోవాడు ఉండేవాడు గదా నాయనా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. పదమూడేళ్ళుగా ఒకే ఇంట్లో, పైనా క్రిందా ఉంటున్నాం. పండగలకు పిండివంటలు ఇచ్చి పుచ్చుకొన్నాం. ఈ సంగతి నాకు గాని మా ఆవిడకు గాని తెలియదు. అమెరికాలో ఉన్నాయన పెద్దవాడు. చిన్నవాడు 1996లో, ఇంటర్మీడియట్ చదువుతూ, పచ్చకామెర్లతో పోయాడట. పదిహేడేళ్ళు. ఆ తర్వాత పిన్నిగారి భర్త ఇంట్లో వాడి పేరు ఎత్తనిచ్చేవారు కారట. ఎత్తితే ఆయన రెండు రోజులు అన్నం తినేవారు కారట. అందుకని ఆవిడ కూడా ఊరుకోవడం అలవాటు చేసుకొంది. ఇరవై ఆరేళ్ళు అలాగే ఊరుకొంది.

"ఎంతమంది పిల్లలు అని ఎవరడిగినా ఒక్కడే అని చెబుతూ వచ్చాను. చెప్పినప్పుడల్లా వాణ్ణి నేనే బయటికి పంపేస్తున్నట్టుండేది. ఆ ఆఫీసాయన ఎవరో, ఇన్నాళ్ళకి వాడి సంగతి అడిగాడు. నీ కాగితం అబద్ధం రాయలేదు నాయనా" అన్నారు.

పుట్టించనూ గలదు, తీసెయ్యనూ గలదు అని మా మాస్టారన్న మాట అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది.

ఆవిడ లోపలికి వెళ్ళి బిస్కట్ల డబ్బా ఒకటి తీసుకొచ్చారు. అందులో వాడి పదోతరగతి సర్టిఫికేటు, ఒక ఫొటో, హాల్ టిక్కెట్టూ ఉన్నాయి. చూపు ఆనకపోయినా ఏది ఏదో వేళ్ళతో తడిమి చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా వాడి గురించే చెప్పారు. వాడికి పనసపండంటే ఇష్టమట. లెక్కల్లో దిట్టట. అన్నగారి సైకిలు ఎత్తుకుపోయి చెయ్యి విరగ్గొట్టుకొన్నాడట. మా ఆవిడ వంట మానుకొని క్రిందికి వచ్చి కూర్చుంది. చిక్కుడుకాయల కూర ఆ పూట లేదు.

తహసిల్దారు కచేరీలో ధ్రువపత్రం సంపాదించడానికి నాలుగుసార్లు తిరిగాను. అది నాకు నేను వేసుకొన్న జరిమానా. పత్రం చేతికి వచ్చాక రెండో అర్జీ రాయడానికి కూర్చున్నాను. ఈసారి మా మాస్టారిని ప్రక్కన పెట్టుకొని, ప్రతి వాక్యమూ పైకి చదివి, గొంతు దిగిన చోటల్లా చుక్క పెట్టాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

క్రిందికి వెళ్ళి పిన్నిగారిని అడిగాను. "పిన్నిగారూ, ఇక్కడ రెండు కామాలు పెట్టాలి. పెడితే మీకు ఉన్నది ఒక్కడే అని అర్థం. చట్టప్రకారం ఇప్పుడు అదే సరైనది. పెట్టమంటారా?"

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆఫీసు కాగితంలో పెట్టు నాయనా. అక్కడ ఉన్నవాళ్ళ లెక్కే గదా కావాలి. ఇంట్లో మాట్లాడుకొనేటప్పుడు మాత్రం వద్దులే" అన్నారు.

పెట్టాను. ఆ వాక్యంలో రెండు తోకచుక్కలు, చివర ఒక చుక్క. ఆ పెట్టడంలో నా చెయ్యి కొంచెం వణికిన మాట నిజం.

నెల తిరక్కుండా డబ్బు వచ్చింది. రెండు కళ్ళకూ ఆపరేషన్లు అయినాయి. కళ్ళు కనబడగానే పిన్నిగారు చేసిన మొదటి పని ఆ డబ్బాలోని ఫొటోకి అద్దం కట్టించి, ఆయన పటం ప్రక్కన పెట్టడం.

ఇప్పుడు ఎవరైనా వస్తే ఆవిడ, "అమెరికాలో ఉన్న మా అబ్బాయి" అంటూ మాట మొదలుపెడతారు. ఆ మాటలో ఒకడే ఉన్నాడో, ఇద్దరు ఉన్నారో తెలుగు చెప్పదు. ఇన్నాళ్ళూ అది మన భాషలో లోపమేమో అనుకొన్నాను. ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు లోపమే కావచ్చు. పిన్నిగారి వరండాలో కూర్చున్నప్పుడు మాత్రం అలా అనిపించదు.